సారమ్మ చేటలో సీసం

భూమి లోపల ఏ లోహం ఎంత ఉండాలో దేవుడే నిర్ణయించాడని పాస్టరుగారు అంటారు. దేవుడు కాదు, కోట్ల ఏళ్ళ కిందటి నిప్పూ నీరూ నిర్ణయించాయని సర్కారు శాస్త్రవేత్తలు అంటారు. ఇద్దరూ పొరపడ్డారు. మాచర్లకు ఇవతల, గుట్టకిందపాలెం పక్కనున్న చిట్టెపు గుట్టలో సీసం ఎంత ఉండాలో నిర్ణయించింది సారమ్మ. ఒకసారి ఉండాలంది, ఉంది. ఇంకోసారి ఉండొద్దంది, మాయమైంది. రెండుసార్లూ పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు అవునంటే అవునని తలలూపారు.

ఇవి కోతలని ఎవరికైనా అనిపిస్తే వాళ్ళు సారమ్మను ఎరగరన్నమాట. ఈ రాసేవాడికి ఆమె స్వయానా నాయనమ్మ. ఎరగకుండా తప్పించుకునే వీలు లేకపోయింది.

సారమ్మ మనిషి పొట్టి, నాలుక పొడుగు. ఆమె కంటికి ఎవరూ ఆనేవాళ్ళు కాదు. పాస్టరుగారి ప్రసంగం ఆమెకు నీళ్ళ మజ్జిగ. కరణంగారి తెలివి చిల్లికుండ. పక్కింటి గురవమ్మ నూరే గోంగూర పచ్చడి గొడ్డు కూడా ముట్టని కుడితి. ఆఖరికి వానాకాలాన్ని కూడా ఆమె మెచ్చుకున్న పాపాన పోలేదు. పల్నాడులో అదెప్పుడూ చెప్పిన మాటకు రాదని దాని మీద కోపం. లోకంలో ఆమె ఒప్పుకున్న నేర్పు ఒక్కటే, తాలు ఏరడం. అదైనా తన చేతిది కాబట్టి ఒప్పుకుంది.

మిరపకాయలు గుంటూరు కొట్లకు పోయే ముందు ఆడవాళ్ళు కల్లంలో బారుగా కూచుని, ఎర్రకాయల్లోంచి తెల్లబోయిన కాయల్ని ఏరి అవతల పడేస్తారు. ఆ తెల్లబోయిన కాయలే తాలు. సారమ్మ ఏరిన కుప్పలో తాలుకాయ చూపించమని ఊళ్ళో పెద్ద ఆసామి పుల్లయ్య గుంటూరు దళారులతో పందెం కాసేవాడు. "గడప దాటి పోయే సరుకులో తాలుంటే పంపినోళ్ళకే తాలని పేరొచ్చిద్ది" అనేది సారమ్మ. పాస్టరుగారు చెప్పే ఆజ్ఞలు పది. పదకొండోది ఇది. పదింటిలో కొన్నిటిని ఆమె చూసీ చూడనట్టు పోనిచ్చేది గాని, పదకొండోదాన్ని ఎన్నడూ మీరలేదు.

ఆమె మొగుడు చిన్నప్ప ఆమెకు పూర్తిగా ఎదురు. పొడుగు మనిషి, పెళ్ళాం తప్ప ఎవరేం చెప్పినా నమ్మే మనిషి. కృష్ణ మీద పెద్ద ఆనకట్ట పని మొదలయ్యాక పల్నాడులో రెండు చేతులున్న ప్రతివాడూ అటే నడిచాడు. చిన్నప్ప కూడా పోయి, బండల్లో తూటాలు పెట్టి పేల్చే జట్టులో చేరాడు. ఎప్పుడో నెలల తరవాత తల నుంచి కాళ్ళ దాకా రాతిపొడి పూసుకుని వచ్చేవాడు, ఒళ్ళు కడుక్కునేలోపే తిరిగి పోయేవాడు. మొగుడు దూరాన ఉన్నందుకు సారమ్మకు బెంగ లేదు. ఆ మాట అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆమే చెప్పేది. పొద్దు వాలే వేళకు మాత్రం పోయి మాచర్ల బస్సు ఆగే చోట నిలబడేది. ఎందుకు నిలబడ్డావని ఎవరైనా అడిగితే, దూడ తప్పిపోయింది, వెతుక్కుంటున్నానని చెప్పేది. ఆ ఇంట్లో దూడ లేదు. ఏనాడూ లేదు.

చిన్నప్ప ఇంటికి వచ్చి ఇంట్లోనే ఉండాలి. ఆ రోజుల్లో సారమ్మ మనసులో ఉన్నది అదొక్కటే. కానీ ఊళ్ళో పని లేనిదే మనిషి ఎట్లా ఉంటాడు?

అలా ఉండగా యాభై ఎనిమిదిలోనో ఆ చుట్టుపక్కల ఏడాదిలోనో ఒక జీపు, గుడారాలు మోసుకొచ్చిన ఒక లారీ గుట్ట కింద ఆగాయి. ఏ కాలంలోనో ఎవరో ఆ గుట్ట రాయిని కరిగించి లోహం తీసుకుని, మిగిలిన నల్లటి చిట్టేన్ని కుప్పలుగా పోసి పోయారు. అందుకే అది చిట్టెపు గుట్ట. వాళ్ళెవరో, ఎటు పోయారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పిల్లలు ఆ చిట్టెపు పెళ్ళలతో కుక్కల్ని కొట్టేవాళ్ళు. అంతకు మించిన ఉపయోగం ఎవరూ కనిపెట్టలేదు. సర్కారు వాళ్ళు మాత్రం చిట్టెం ఉంది కాబట్టి సీసం కూడా ఉండి తీరాలని లెక్క కట్టుకుని వచ్చారు. ఎంగిలి విస్తళ్ళు కనపడ్డాయి కాబట్టి వంట ఇంకా మిగిలే ఉంటుందన్న లెక్క అది.

వచ్చినవాళ్ళలో ఊరివాళ్ళతో మాట్లాడేది వెంకట్రామయ్య, రీసెర్చి అసిస్టెంటు. కొత్తగా చేరాడు, ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. నెత్తిన పెద్ద టోపీ, దాని కింద చిన్న మొహం. దూరం నుంచి పుట్టగొడుగు నడిచి వస్తున్నట్టుండేది. గుట్ట మీద కందకాలు తవ్వించి, రాయి పగలగొట్టించి, అందులో కాస్త సంచుల్లో కట్టి ఎక్కడో దూరాన ఉన్న సర్కారు పరిశోధనశాలకు పంపడం అతని పని. అక్కడ ఆ రాయిని పొడి కొట్టి, కడిగి, కాల్చి, గుట్టలో సీసం ఎంత ఉందో తేలుస్తారు. గుట్టంతా పంపలేరు గనక పంపే సంచి అచ్చం గుట్టలాగే ఉండాలి. కుండంతా ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు.

రాళ్ళు కొట్టడానికి పాలెం ఆడవాళ్ళను పిలిచారు. వెంకట్రామయ్య వాళ్ళ ముందు నిలబడి పాఠం చెప్పాడు.

"చూడండమ్మా. కొట్టిన రాయంతా కుప్ప పొయ్యాలి. కుప్పను నాలుగు భాగాలు చెయ్యాలి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసి పారెయ్యాలి. మిగిలిన రెండూ కలిపి మళ్ళీ కుప్ప, మళ్ళీ నాలుగు భాగాలు. సంచిలో పట్టేదాకా అంతే. మంచి రాయి, చెడ్డ రాయి అని చూడకూడదు. కళ్ళు మూసుకుని చేసినట్టు చెయ్యాలి."

"కళ్ళు మూసుకునేదానికి మేమెందుకు బాబూ?" అంది సారమ్మ. "రైలు స్టేషను కాడ అడుక్కునే గుడ్డాయన్ని పిలిపిచ్చుకోపోయావా?"

"అది పద్ధతమ్మా. ఏరితే గుట్ట గురించి అబద్ధం చెప్పినట్టే."

"మంచీ చెడూ చూడకుండా గొడ్డు గూడా గడ్డి మెయ్యదు గదయ్యా."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంకట్రామయ్య వినపడనట్టు టోపీ సర్దుకుని గుడారం నీడకు పోయాడు. అక్కడ అతని కోసం ఫ్లాస్కులో కాఫీ ఉంది. గని ఖనిజాల మీద పరిశోధనలో అది కూడా భాగమే కాబోలు.

అతను అటు తిరగ్గానే సారమ్మ చేతులు ఇటు ఆడాయి. ఆ రాయిలో రెండు రకాలున్నాయి. ఒకటి తెల్లటి పలుగురాయి. ఇంకోటి బూడిదరంగుది, పగలగొడితే లోపల అద్దంలా మెరిసేది. చిన్న పలుకైనా చేతిలో పెడితే చెయ్యి కిందికి లాగేది. తెల్లగా ఉన్నదేది? తాలు. తాలునేం చెయ్యాలి? ఏరి పారెయ్యాలి. అంతే, అందులో ఆలోచించేదేముంది?

"ఏమే సారమ్మా, ఏరొద్దన్నాడు గదంటే?" అంది గురవమ్మ.

"వాడు కుర్రోడే. ఇంట్లో ఆడోళ్ళు నేర్పలా. రేపు ఆ పట్నంలో దొరలు సంచి ఇప్పి చూసి, పల్నాడోళ్ళు తాలు పంపారంటే ఎవరికే సిగ్గు? పుట్టగొడుక్కా, మనకా?"

పెద్ద పలుకులు చేత్తో ఏరింది. సన్నపొడి మిగిలింది. దాన్ని చేటలోకి ఎత్తింది. చేట చేతికొచ్చాక చెరక్కుండా ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు. నాలుగుసార్లు ఎగరేసి చెరిగేసరికి తేలికది ముందుకు జారి నేల మీద పడింది, బరువుది చేట లోతున మిగిలింది. పొట్టు పోయి గింజలు మిగిలినట్టు. ఆ గింజల్ని సంచిలో పోసింది. వెంకట్రామయ్య కాఫీ ముగించి వచ్చి, మిగతావాళ్ళ కుప్పలు సగంలో ఉండగా సారమ్మ సంచి నిండి ఉండటం చూసి ఎంతో సంతోషించాడు. రేపటి నుంచి సంచులన్నీ సారమ్మే నింపాలని ఉత్తర్వు ఇచ్చాడు. సంచుల మూతులు కుట్టి, లక్క ముద్రలు వేసి, చీటీలు కట్టి, మాచర్లలో రైలెక్కించారు. ముద్ర చెదరకుండా చూడమని గార్డుకు కూడా చెప్పారు. లోపలున్నది చెదిరిపోయాక బయటి ముద్ర భద్రంగా ఉండటం సర్కారు పనుల్లో కొత్తేమీ కాదు.

కొన్ని నెలల తరవాత ఒక జీపు పోయిన చోటికి మూడు జీపులు వచ్చాయి. చిట్టెపు గుట్ట సీసం అంత గొప్ప సీసం చుట్టుపక్కల లేదని పరిశోధనశాల తేల్చింది. వెంకట్రామయ్య మాచర్ల నుంచి మిఠాయి తెచ్చి పంచాడు. పెద్ద ఆఫీసరు ఒకాయన దండ వేయించుకుని, పల్నాటి ముఖచిత్రం మారిపోతుందని ఉపన్యసించాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పుల్లయ్య ఆ రాత్రికి రాత్రే గుట్ట కింది పొలమంతా బయానా ఇచ్చి కొనేశాడు. జిల్లేడు కూడా మొలవడానికి మొహమాటపడే నేల అది. సీసం కంపెనీవాళ్ళు వచ్చి కాళ్ళు పట్టుకుంటే ఎంతకివ్వాలో అరుగు మీద కూచుని బేరాలు ప్రాక్టీసు చేసేవాడు.

సారమ్మ దాచిపెట్టిందేమీ లేదు. బావి దగ్గర చెప్పింది, చర్చి మెట్ల మీద చెప్పింది. "అదంతా నేనేరి పంపబట్టి గదే వచ్చింది! పుట్టగొడుగు మాట విని పంపితే తాలొచ్చేది." అందరూ నవ్వి ఊరుకున్నారు. సారమ్మ కోతలు ఆ ఊళ్ళో కొత్తా?

ఆమెకు కావలసింది మాత్రం జరిగింది. కందకాలు చాలవు, బావిలా గొయ్యి దించి, అడుగు నుంచి పక్కకు సొరంగం తవ్వి చూడాలన్నారు. తూటా పని తెలిసినవాళ్ళు కావాలన్నారు. చిన్నప్ప ఆనకట్ట వదిలేసి పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దిగాడు. సారమ్మ అక్కడే నిలబడి ఉంది.

"ఏమే, ఇక్కడేం చేస్తన్నావు?"

"దూడ కోసం."

"మనకు దూడేదే?"

"లేదు గదా, అందుకే దొరకటంలా. పద, కూడు చల్లారిపోద్ది."

చిన్నప్పను సొరంగంలో మేస్త్రీని చేశారు. దానితో పాటు ఒక టోపీ ఇచ్చారు. గనుల్లో పనివాళ్ళ ప్రాణాలు ఎట్లా కాపాడాలన్న దాని మీద కూడా సర్కారు పరిశోధన చేస్తోందట. తల కాపాడే కొత్తరకం టోపీలు నాలుగు పంపి, పెట్టుకున్నవాళ్ళకు ఎట్లా ఉందో రాసి పంపమన్నారు. గట్టి అట్టతో చేసి పైన రంగు పూసిన టోపీ అది. చిన్నప్ప దాన్ని ఇనప టోపీ అనేవాడు. ఎవరో చెప్పి ఉంటారు, నమ్మేశాడు. దాన్ని పెట్టుకునే కూడు తినేవాడు, పెట్టుకునే సంతకు పోయేవాడు. ఆదివారం చర్చికి కూడా పెట్టుకుపోతే పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆపి, దేవుడి ముందు తలమీది బట్ట తియ్యాలి నాయనా అన్నారు. "ఇది బట్ట కాదయ్యగారూ, గవర్నమెంటుది" అన్నాడు చిన్నప్ప. ఆ వారం ప్రసంగం ఎవరికీ గుర్తులేదు, ఈ మాట మాత్రం అందరికీ గుర్తుంది.

సొరంగం పక్కకు పోయేకొద్దీ కప్పు రాయి బాగోలేదని తెలిసింది. రక్షణ పరిశోధన చేసే ఆఫీసరు ఇంకొకాయన వచ్చి, గాజుగొట్టంలోకి లోపలి గాలి లాగి అందులో దుమ్ము ఎంతో చూశాడు. కర్రతో కప్పును తట్టి చూశాడు. డప్పులా మోగింది. దుంగలు నిలబెట్టి కప్పుకు ఆనించాలని, లేకపోతే ఊడి పడుతుందని ఉన్నమాటే చెప్పాడు, పైకి రాశాడు. ఆయన వంతు పరిశోధన అక్కడికి అయిపోయింది, జీపెక్కి పోయాడు. మానులు నల్లమలలో నిలబడే ఉన్నాయి. మంజూరు కాగితం ఎక్కడో బల్ల మీద పడుకుని ఉంది. దుంగలు వచ్చేదాకా తవ్వకం ఆపాలని ఎవరికీ తోచలేదు. తవ్వకం లెక్క వేరు, దుంగల లెక్క వేరు.

ఒక సాయంత్రం చిన్నప్ప కుడిచెయ్యి వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. చొక్కా తీస్తే బుజమంతా నల్లగా కమిలి ఉంది.

"ఏందయ్యా ఇది?"

"ఏం లేదే. చిన్న పెచ్చు ఊడింది. టోపీ ఉంది గదా."

"టోపీ బుజానికి పెట్టుకున్నావా?"

సారమ్మ అతని నెత్తిన ఉన్న టోపీని ఊడబెరికి వాకిట్లో బోర్లించింది. పచ్చడి నూరే పొత్రం రెండు చేతులా ఎత్తి, నడుమెత్తు నుంచి దాని మీద వదిలింది. టోపీ కోడిగుడ్డు పెంకులా రెండుగా విచ్చుకుంది. చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. చిన్నప్ప ఏడుపు మొహం పెట్టి ముక్కలు ఏరుకున్నాడు.

"ఒసేయ్, అది గవర్నమెంటుదే!"

"నీ తల యవరిదయ్యా?"

రక్షణ టోపీల మీద ఆ జిల్లాలో జరిగిన పరిశోధనలన్నిటిలోకీ పనికొచ్చేది ఇదొక్కటే. దాని ఫలితాన్ని మాత్రం ఎవరూ రాసుకోలేదు.

చిన్నప్పను గొయ్యిలోకి పోవద్దంటే వినలేదు. మేస్త్రీ పోకపోతే జట్టు పోదు, జట్టు పోకపోతే పరువు పోతుంది అన్నాడు. ఆమె అనుకున్నట్టే మొగుడు ఇంటికొచ్చాడు. ఇంటికొచ్చి కప్పు నిలవని గుట్ట కిందికి దిగాడు. దింపింది తన చేటే. సారమ్మకు అది అర్థం కావడానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తెల్లారి వెంకట్రామయ్య గుడారానికి పోయింది.

"ఏంది బాబూ, మావోడి బుజం మీద మీ కొండ ఊడిపడింది."

"చిన్న పెచ్చే గదమ్మా."

"పెద్దది పడ్డాక చెబుదామంటే చెప్పేదానికి ఆయనుండడుగా."

"దుంగలకు రాశాం. మంజూరు కాగానే వచ్చేస్తాయి."

"గొయ్యి తవ్వేదానికి మంజూరైంది గాని కప్పు నిలబెట్టేదానికి కాలా?"

"అవి వేరే వేరే సెక్షన్లమ్మా. నీకు తెలియదు."

"మా గుడిసెకు గోడా కప్పూ ఒకటే సెక్షను బాబూ. సరే, ఇను. ఆ గుట్టలో మీరనుకున్నంత సీసం లేదు. సంచుల్లో నేనేరి పోశా."

వెంకట్రామయ్య నవ్వాడు. అందరూ నవ్వినట్టే నవ్వాడు. సారమ్మ మూలనున్న చేట తీసుకుని, బల్ల కిందున్న రాతిపొడి గుప్పెడు పోసి, అతని కళ్ళ ముందే చెరిగింది. తెల్లటిది ముందుకు జారి అతని బూట్ల మీద పడింది. బూడిదరంగుది వెనక మిగిలి మెరిసింది. అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

"అన్ని సంచులూ ఇట్లాగే చేశావా?"

"తాలు పంపితే ఊరికి తప్పుగాదంటయ్యా?"

అతను గుడారం తెర దించి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఇంకెక్కడా అనకమ్మా ఈ మాట."

"ఊరంతా చెప్పా. యవరూ ఇనలా."

"ఇప్పుడు నేను పోయి పెద్దాయనతో ఏమని చెప్పను? ఒక కూలామె చేటతో మన డిపార్టుమెంటు మొత్తాన్ని చెరిగేసిందని చెప్పనా? నేను దగ్గరుండి తీయించానని సంతకం చేశాను. నా ఉద్యోగం పోతుంది."

"నీ ఉజ్జోగం పోతే ఇంకోటి వచ్చిద్ది బాబూ. నా మొగుడు పోతే?"

వెంకట్రామయ్య వంగి బూట్ల మీది తెల్లపొడి దులుపుకున్నాడు.

సారమ్మ అతన్ని వదిలేసి, పెద్ద ఆఫీసరు వచ్చిన రోజున ఆయన జీపుకు అడ్డంగా నిలబడి అదే మాట చెప్పింది. సీసమంతా తన చేతుల మీదుగా పోయిందని, తను ఏరబట్టే అంత ఉందని. ఆయన ఎంతో ఆనందించాడు. "చూశారా, గ్రామీణ మహిళల్లో కూడా ఈ పథకం మనదన్న భావం ఎంతగా ఉందో!" అని పక్కవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు నోట్ చేసుకున్నారు. సారమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, పక్కకు తిరిగి ఉమ్మేసింది. జీపు పోతూ పోతూ ఆయన వెంకట్రామయ్యతో ఒక మాట అని పోయాడు. సొరంగం లోపలి రాయిని కూడా ఒకసారి పరీక్షకు పంపండి, దాన్ని బట్టి ఎంత లోతుకు పోవాలో చూద్దాం.

ఆ మాట ఆమె చెవిన పడింది. ఇంకేం కావాలి?

లోపలి రాయి పైకి తెచ్చి పోశారు. ఈసారి వెంకట్రామయ్య గుడారానికి పోలేదు. ముక్కాలిపీట వేసుకుని సారమ్మకు ఎదురుగా కూచుని, ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. ఆమె బుద్ధిగా కుప్ప పోసింది, నాలుగు భాగాలు చేసింది, రెండు పారేసింది. ఒక్క పలుకు కూడా ఏరలేదు. ఏరడానికి వేళ్ళెందుకు? కుప్ప మీంచి సంచి దాకా మొయ్యాలి గదా, చేటతో మోసింది. నడిచేటప్పుడు చేట కాస్త ఊగింది. పోసేటప్పుడు కాస్త ఎగిరింది. పోసినప్పుడల్లా ముందుకు జారిన తెల్లటిది సంచిలోకి, లోతున మిగిలిన బరువుది వెనక్కి తిరిగేటప్పుడు తన కాళ్ళ పక్కకి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సారమ్మ గింజలు పారబోసి పొట్టు మూటగట్టింది. గడప దాటే సరుకంతా తాలు. పదకొండో ఆజ్ఞ ఆ పూట మంట గలిసింది. ఆమె మొహం చూసిన గురవమ్మ, కడుపునొప్పి గాని వచ్చిందా సారమ్మా అని అడిగింది.

సంచి నిండాక వెంకట్రామయ్య లేచాడు. సారమ్మ వెనక నేల మీద బూడిదరంగు కుప్ప ఎండలో తళతళమంటోంది. దాన్ని చూశాడు. తలెత్తి గొయ్యి మూతి వైపు చూశాడు. అప్పుడే చిన్నప్ప జట్టు తట్టలు పట్టుకుని లోపలికి దిగుతోంది. అతను బూటు కాలితో ఆ కుప్పను మట్టిలోకి నెట్టి, "లక్క తీసుకురండి" అని కేకేశాడు. అది దయో, భయమో, ఎండకు కళ్ళు బైర్లు కమ్మాయో ఎవరికీ తెలియదు. ఆ సంచికి కూడా సంతకం పెట్టాడు.

ఫలితం తొందరగానే వచ్చింది. పైన మెరిసిన సీసం లోతుకు పోయేసరికి అడుగంటిందని, ఖర్చుకు తగదని తేలింది. అలా ఎందుకు జరిగిందో వివరిస్తూ పెద్ద ఆఫీసరు ఏదో సభలో గంటసేపు మాట్లాడాడట. చప్పట్లు కూడా కొట్టారట. గుడారాలు ఎత్తేశారు. వెంకట్రామయ్య పోయేముందు సారమ్మ గుమ్మం దాకా వచ్చి, ఏమనాలో తోచక, దాహం అడిగి తాగి పోయాడు. పుల్లయ్య తన కొత్త పొలంలో కూలబడి, గొయ్యి గట్టు నీడన మేకల్ని కట్టేసుకోవచ్చు గదా అని తనను తానే ఓదార్చుకున్నాడు.

చిన్నప్పకు సంగతంతా సారమ్మే చెప్పింది. గొప్పగానే చెప్పింది. చిన్నప్ప జీవితంలో మొదటిసారి ఆమె మాట నమ్మాడు.

"నా నోటికాడ కూడు తీసి మట్టిలో పోశావు గదే! మేస్త్రీనయ్యా, అందరూ లేచి నిలబడేవాళ్ళు."

"ఆ కప్పు కింద నువ్వు మళ్ళా లేచేవాడివేనా?"

"ఏదీ, ఊడిపళ్ళేదుగా! ఊడిపళ్ళేదుగా ఇంతవరకూ!"

ఊడలేదు మరి. ఆమె చేతి కూడు ముట్టనని చిన్నప్ప తనే సంగటి కాచుకున్నాడు. అడుగు మాడింది, పైన పచ్చిగా ఉంది. దాన్నే తిన్నాడు. ఆమె పక్కనే కూచుని, "దుంగలు పెట్టాల్సింది దానికి గూడా" అంది. అతను నవ్వలేదు. పెట్టె సర్దుకున్నాడు. ఆనకట్ట పనికే పోతానన్నాడు, ఈసారి మళ్ళీ రానన్నాడు.

అతను బయలుదేరాల్సిన వారంలో వాన పడింది. పల్నాడులో ఎన్నడూ చెప్పిన మాటకు రాని వాన, చెప్పకుండా వచ్చి, మూడు పూటలు ఏకధాటిగా కొట్టి పోయింది. బస్సు తిరగడం మొదలుపెట్టిన రోజున చిన్నప్ప పెట్టె నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. దారి గుట్ట పక్క నుంచే. గొయ్యి ఉండాల్సిన చోట గొయ్యి లేదు. మూతి, సొరంగం, అన్నీ కలిసి లోపలికి కుంగి, పైన ఎర్రనీళ్ళు నిలిచాయి. పుల్లయ్య మేకపోతు ఒకటి తెగిన పలుపు మెడకేసుకుని గట్టు మీద నిలబడి అరుస్తోంది. దానికి ఎవరి మంజూరూ అక్కర్లేకపోయింది, కప్పు కదలగానే తెంచుకుని వచ్చింది.

చిన్నప్ప చాలాసేపు అక్కడ నిలబడ్డాడు. బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది. పెట్టె తీసుకుని ఇంటికి తిరిగొచ్చి, గుమ్మంలో దించి, పీట వాల్చుకుని కూచున్నాడు.

"కూడు పెట్టవే."

సారమ్మ పెట్టింది. ఎప్పటికన్నా ఒక ముద్ద ఎక్కువే పెట్టింది. నేను చెప్పలా అనలేదు. ఆమె జీవితంలో ఆ మాట అనగలిగి అనకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. ఆ లోటు తరవాత ఏళ్ళ తరబడి తీర్చుకుంది, అది వేరే సంగతి.

కొన్నాళ్ళకు చిన్నప్ప దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీలో చేరాడు. పోనిచ్చే ముందు సారమ్మ స్వయంగా బస్సెక్కి పోయి, క్వారీ అంచున నిలబడి తలెత్తి చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. "ఇదైతే ఫర్వాలా, ఇది ఇంతవరకూ యవరి మీదా ఊడిపళ్ళా" అని ఒప్పుకుంది. చిన్నప్ప వారానికోసారి ఇంటికొచ్చేవాడు. వచ్చే పూటకు ఆమె దూడ తప్పకుండా తప్పిపోయేది.

ఇప్పుడు చిన్నప్ప అరుగు మీద కూచుని, పగిలిన టోపీ ముక్కలో కోడిపిల్లలకు నూకలు పోస్తుంటాడు. సారమ్మకు చూపు మందగించింది గాని, ఎవరూ ఆనకపోవడం మాత్రం తగ్గలేదు. స్కూలుఫైనలు రెండుసార్లు తప్పిన మనవడు ఇదంతా రాసుకొచ్చి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. ఆమె చేటలో బియ్యం ఏరుతూ వింది. నవ్వాల్సిన చోట ఒక్కచోట కూడా నవ్వలేదు.

"అంతా బానే ఉంది గాని నాయనమ్మా," అన్నాడు వాడు, "మొదటిసారి మంచిదంతా ఏరి పంపావు. రెండోసారి చెడ్డదంతా ఏరి పంపావు. ఇంతకీ ఆ గుట్టలో నిజంగా సీసం ఉందా, లేదా?"

"మీ తాత పైకొచ్చాడా లేదా? ఇంక సీసంతో నీకేం పనిరా సన్నాసీ? నువ్వు చదివిందాంట్లో సగం తాలు. పోయి ఏరుకురా, అప్పుడింటా."